డాక్టరు దగ్గరికి వేసుకెళ్లే బట్టలు

డాక్టర్లకు నాదొక విన్నపం. కడుపుతో ఉన్న మా నల్లజాతి ఆడవాళ్ల మాట దయచేసి వినకండి! విన్నారో, నా బట్టల కొట్టు మూతపడుతుంది.

నవ్వకండి. నా పేరు ఎర్నెస్టీన్. అలబామాలోని మా చిన్న ఊళ్లో, బాప్టిస్టు చర్చి పక్కనే ముప్పై ఏళ్లుగా కొట్టు నడుపుతున్నాను. ఒకప్పుడు మావాళ్లు ఈస్టర్‌కి తప్ప కొత్త బట్టల జోలికి వచ్చేవారు కాదు. ఇప్పుడో? నెల తప్పిందని తెలిసిన మర్నాడే నా గుమ్మంలో ఉంటారు. ఎందుకంటారా? నెలనెలా చెకప్‌కి వెళ్లాలి కదా!

వదులు గౌను, రబ్బరు చెప్పులతో వెళ్లి "నడుం లాగేస్తోందండీ" అని చెప్పి చూడండి. "మంచినీళ్లు బాగా తాగమ్మా" అని పంపేస్తారు. అదే నడుం, అదే నొప్పి. కోటు తొడుక్కుని, మెడలో ముత్యాల దండ వేసుకుని చెబితే? కనీసం కంప్యూటర్లోంచి తలెత్తి చూస్తారు. ముత్యాల మహిమ అంతా ఇంతా కాదు!

అందుకే నేను నెలల వారీగా సరుకు పెట్టాను. మూడో నెలకు ముదురు నీలం కోటు. ఆరో నెలకు ముత్యాలు. ఎనిమిదో నెల వచ్చేసరికి ఉద్యోగపు గుర్తింపు కార్డు బయటికి కనబడేలా వేలాడేసుకోవడానికి మంచి పట్టు తాడు. మొగుడు తోడొస్తే అతనికి టై తప్పనిసరి. లేకపోతే గేటు దగ్గర సెక్యూరిటీవాడు అతని పుట్టుపూర్వోత్తరాలన్నీ అడుగుతాడు.

ఇంకా మేలైన వైద్యం కావాలనుకునేవాళ్లు ఆఫీసులో పనిచేసే తెల్ల స్నేహితురాలిని వెంటబెట్టుకెళ్తారు. ఆవిడ పక్కన కూర్చుని తలూపితే చాలు, మా నొప్పి నిజమైపోతుంది! అలాంటివాళ్లను అద్దెకిద్దామని నేనూ ఆలోచించాను. స్టాకు దొరకలేదు.

మా ఊరి ఆసుపత్రిలో పురుళ్ల వార్డు ఎత్తేశారు. అదీ మా మేలుకే! ఇప్పుడు నగరంలోని పెద్దాసుపత్రికి గంట ప్రయాణం. దారి పొడుగునా అద్దం చూసుకుంటూ పౌడరు దిద్దుకోవచ్చు. ఇంత సదుపాయం ఇంకే దేశంలో ఉందండీ?

ఇక నా మేనకోడలు జెలిసా సంగతి. స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఎనిమిదో నెల. మొన్న మంగళవారం పొద్దున్నే ఫోను చేసింది.

"అత్తా, తల పగిలిపోతోంది. కళ్ల ముందు మిరుమిట్లు. వేళ్లు ఉబ్బిపోయి ఉంగరం రావట్లేదు."

"ఏం వేసుకున్నావే?"

"నైటీ."

"నైటీనా! అలా వెళ్తే నీకు కుర్చీ కూడా చూపించరు. ఉండు, వస్తున్నా!"

ఇంకెవరైనా అయితే బీపీ ఎంతుందని అడుగుతారు. నేను బట్టల సంగతి అడిగాను. మా ఇళ్లలో అంతే. నేను కడుపుతో ఉన్నప్పుడు మా అమ్మా నన్ను అదే అడిగింది.

పగడం రంగు గౌను తొడిగాను. పౌడరు, లిప్‌స్టిక్, ఆదివారం చర్చికి పెట్టుకునే టోపీ. ఉబ్బిన పాదాలు బూట్లలో దూర్చడానికే పావుగంట పట్టింది. మొత్తం మీద నలభై నిమిషాలు. ఆ పైన గంట ప్రయాణం.

కౌంటర్లో నర్సమ్మ మొహం చాటంత చేసుకుంది.

"అబ్బ, ఎంత బావున్నారండీ! ఇంత కళకళలాడే మనిషికి జబ్బేమిటి? కూర్చోండి, పిలుస్తాం."

చూశారా నా పనితనం! జబ్బు కాస్తయినా పైకి కనబడనివ్వలేదు.

"తల పగిలిపోతోందట, అర్జెంటుగా చూడండి" అన్నాను. "గొడవ చెయ్యకండమ్మా" అంది. మరో గంట కూర్చున్నాం. చివరికి జెలిసా ఆ పగడం రంగు గౌను మీదే వాంతి చేసుకుంది. అప్పుడు చూశారు బీపీ. నూట ఎనభై రెండు, నూట పద్నాలుగు! ఒక్కసారిగా ఆసుపత్రంతా పరుగులు పెట్టింది. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. నా రెండు అరచేతుల్లో పట్టేంత ఉంది.

సాయంత్రం ఒక కుర్ర డాక్టరు బయటికొచ్చాడు.

"ఇద్దరూ గట్టెక్కారు. కానీ ఇలాంటప్పుడు ప్రతి నిమిషమూ ముఖ్యమేనమ్మా. ఇంత ఆలస్యంగా తెచ్చారేం?"

"బట్టలు వేయిస్తూ ఉండిపోయాను బాబూ."

పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. నిజమే, పిచ్చిదాన్నే. నా చేతులారా ఆ పిల్లను చంపుకునేదాన్ని. కానీ ఈ పిచ్చి నాకు పుట్టుకతో వచ్చింది కాదు. నైటీలో వచ్చి "తలనొప్పి" అన్న ఒక్క నల్లపిల్ల మాటైనా ఈ ముప్పై ఏళ్లలో మీ డాక్టర్లు నమ్మి ఉంటే, నేను ఈపాటికి ఏ కూరగాయలో అమ్ముకుంటూ హాయిగా ఉండేదాన్ని.

మర్నాడు పొద్దున జెలిసా నా చెయ్యి పట్టుకుంది.

"అత్తా, ఎడమ కన్ను ఇంకా మసగ్గానే ఉంది. డాక్టరుగారికి చెప్పాలి."

"ఇప్పుడే పిలుస్తానుండు" అంటూ లేచాను.

"ఆగత్తా," అంది. "ముందు కాస్త నా జుట్టు సరిచెయ్యి."