చెప్పుల వైరస్

కంప్యూటరు ఉన్న గదిలోకి చెప్పులతో వెళితే దానికి వైరస్ సోకుతుందన్న విషయంలో 1999 నాటికి తిరువూరులో భిన్నాభిప్రాయం లేదు. పత్తికి ఏ మందు కొట్టాలి, ఎవరికి ఓటు వేయాలి అన్నవాటి మీద గంటల తరబడి వాదించుకునేవాళ్ళు సైతం కంప్యూటరు ఉన్న గుమ్మం ముందుకు రాగానే మాట్లాడకుండా వంగి చెప్పులు విప్పేవారు.

ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టాలని విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు దత్తాత్రేయులు సెప్టెంబరు నెలలో ఒక గురువారం ఉదయం రెండో కాఫీ తాగుతూ నిర్ణయించుకున్నాడు. ఇటువంటి పరీక్షలు ఆయనకు కొత్త కాదు. మూడుసార్లు తుమ్మి ప్రయాణం బయలుదేరాడు. మంగళవారాలు గడ్డం గీసుకున్నాడు. అంతకు ముందు నెల సూర్యగ్రహణం పూట వీధి అరుగు మీద నలుగురికీ కనబడేటట్టు కూర్చుని ఉప్మా తిన్నాడు. ఏమీ కాలేదు. ఏమీ కాలేదన్న సంగతిని ప్రతిసారీ తేదీతో సహా నోటుపుస్తకంలో రాసిపెట్టుకున్నాడు.

ఈసారి సన్నాహం మరింత పకడ్బందీగా ఉంది. ‘కంప్యూటరు వైరస్: అపోహలు, వాస్తవాలు’ అని నాలుగు పేజీల వ్యాసం రాసి, విజయవాడలో అల్లుడు గురుచరణ్ పనిచేసే ఆఫీసులో టైపు చేయించి, ఫ్లాపీలో వేయించుకుని వచ్చాడు. దాన్ని శ్రీవల్లి కంప్యూటరు సెంటరులో ప్రింటు తీయించాలి. లోపలికి మాత్రం చెప్పులతో వెళ్ళాలి. ఒక్క దెబ్బతో సిద్ధాంతమూ ప్రయోగమూ రెండూ పూర్తవుతాయి.

"ఏవండీ, ఆ చెప్పులతో వెళ్ళకండి. నిన్న చిట్టెమ్మ గేదె పేడ తొక్కొచ్చారు," అంది భార్య బాలాత్రిపురసుందరి.

"కావాలనే ఇవి వేసుకున్నాను. శుభ్రమైన చెప్పులతో పరీక్ష చేస్తే దానికి విలువేముంది?"

"విలువ సంగతి మీరు చూసుకోండి. వచ్చేటప్పుడు కరివేపాకు తెండి."

శ్రీవల్లి సెంటరు బస్టాండుకు ఎదురు వరుసలో ఉంది. అది నిన్నమొన్నటిదాకా ఆమె మామగారు సీతారామారావు ఎరువుల షాపుకు చెందిన గోడౌను గది. కోడలు కంప్యూటరు నేర్చుకుని వచ్చిందని బస్తాలు తీయించి ఇచ్చాడుగాని, షరతు పెట్టి ఇచ్చాడు. "దసరాదాకా చూస్తానమ్మాయ్. నడిస్తే గది నీది. నడవకపోతే యూరియాది." దసరాకు ఇంకా నాలుగు వారాలున్నాయి. ఊళ్ళోని నాలుగు ప్రైవేటు స్కూళ్ళు కలిసి క్వార్టర్లీ పరీక్షల ప్రశ్నపత్రాలన్నీ ఆమెకు టైపు చేయమని ఇచ్చాయి. శనివారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు అవి చేతికిస్తే గది ఆమెకు దక్కినట్టే.

గుమ్మం పక్కన స్టూలు మీద సీతారామారావే కూర్చుని ఉన్నాడు. చెప్పులు విప్పించడం అనే పనిని ఆయన ఎవరూ అడగకుండానే తన మీద వేసుకున్నాడు.

"మాస్టారూ, చెప్పులు."

"తెలుసు. విప్పను."

ఇటువంటి జవాబు ఆయనకు ఇంతవరకూ ఎదురుకాలేదు. కాసేపు ఆలోచించి లోపలికి తల తిప్పాడు. "అమ్మాయ్, మాస్టారు విప్పరంట."

శ్రీవల్లి బయటికి వచ్చింది. పదో తరగతిలో ఆమెకు ఫిజిక్సు చెప్పింది దత్తాత్రేయులే. ఆయన ఉద్దేశం విని నవ్వింది.

"నేను నేర్చుకున్న చోట దుమ్ము పడుతుందని విప్పమనేవాళ్ళు మాస్టారూ. వైరస్ అని ఎవరు మొదలెట్టారో తెలీదు."

"మరి నువ్వు జనానికి నిజం చెప్పొచ్చుగా?"

"చెప్పి చూశాను. దుమ్మంటే ఎవరూ విప్పట్లేదు. వైరస్ అంటే విప్పుతున్నారు."

లోపల ప్రశ్నపత్రాలు దిద్దుతున్న జోజప్ప కళ్ళజోడు పైనుంచి చూశాడు. ఆయన ఒక స్కూలు కరస్పాండెంటు. నాలుగు స్కూళ్ళ తరఫునా ఈ పని చూస్తున్నవాడు. దత్తాత్రేయులుకు పాతికేళ్ళ స్నేహితుడు.

"మాస్టారూ, ప్రయోగం మీ ఇంట్లో దేనిమీదైనా చేసుకోకూడదా? ఇందులో నా పేపర్లున్నాయి."

"అందుకే మీరు సాక్షి. టైము చూడండి. ఎంతయింది?"

"పది పన్నెండు," అన్నాడు జోజప్ప, ఇష్టం లేకపోయినా.

దత్తాత్రేయులు పది గంటల పన్నెండు నిమిషాలకు చెప్పులతో గదిలోకి అడుగుపెట్టాడు. బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. జేబులోంచి ఫ్లాపీ తీసి శ్రీవల్లికి ఇచ్చాడు. నాలుగు పేజీలూ చక్కగా వచ్చాయి. తరువాత పావుగంట కుర్చీలో కూర్చుని, పేడ అంటిన కాలు కంప్యూటరు వైపే ఊపుతూ వేచి చూశాడు. కంప్యూటరు ఏడో తరగతి సాంఘికశాస్త్రం చూపిస్తూనే ఉంది.

"చూశారా," అన్నాడు లేస్తూ. సీతారామారావు ఆయన చెప్పులకేసి చూశాడు. బస్టాండు దగ్గర టీకొట్టులో పదిమందికి ఈ ఫలితం వివరంగా చెప్పి, వ్యాసం మొదటి పేజీ చదివి వినిపించి, కరివేపాకు మరచిపోయి దత్తాత్రేయులు ఇంటికి చేరాడు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. అది రోజూ పోయేదే. గంట తరువాత వచ్చింది. శ్రీవల్లి కంప్యూటరు ఆన్ చేసింది. ఫ్లాపీ తీసి మళ్ళీ మొదలుపెట్టమని తెర మీద ఇంగ్లీషులో వచ్చింది. మాస్టారు ఫ్లాపీ మరచిపోయారని చూసి, దాన్ని తీసి సొరుగులో పెట్టి, మళ్ళీ ఆన్ చేసింది. ఈసారి నల్లటి తెర మీద ఒకే ఒక వాక్యం వచ్చింది. దాని అర్థం: ‘నీ యంత్రానికి ఇవాళ సెలవు.’ తరువాత ఏ మీట నొక్కినా ఇంకేమీ రాలేదు.

సీతారామారావు గుమ్మంలోంచి తొంగిచూశాడు.

"చెప్పులు," అన్నాడు.

ఆయన చేతల మనిషి. కోడలు జోజప్పకు కబురు పంపేలోగా రెండు బకెట్ల ఫినాయిలు నీళ్ళు తెచ్చి, మాస్టారు నడిచిన జాగా అంతా కడిగాడు. నీళ్ళు బల్ల కిందికి పారి నేలమీదున్న ఎక్స్‌టెన్షను బోర్డులోకి వెళ్ళాయి. టప్పుమని చప్పుడు వచ్చింది. గదిలోనే కాదు, పక్కనున్న జిరాక్సు షాపులోనూ, ఆ పక్క ఎస్టీడీ బూతులోనూ కరెంటు పోయింది. లైన్‌మ్యాను వచ్చి స్తంభం మీద ఫ్యూజు వేసేసరికి మూడున్నరైంది. వైరస్ తీగల్లోంచి మూడు షాపులకు పాకిందని ఈలోగా బస్టాండులో అందరికీ తెలిసింది. ఎ.కొండూరు వైపు వెళ్ళే బస్సులో ఆ వార్త మూడున్నరకే ఊరు దాటింది.

జోజప్ప దత్తాత్రేయులి ఇంటికి వచ్చి అరుగు కిందే నిలబడ్డాడు.

"అయిపోయింది మాస్టారూ."

"ఏమయింది?"

"మీరు చేసిన ప్రయోగం."

విషయం విన్న దత్తాత్రేయులు ఓల్టేజి హెచ్చుతగ్గుల గురించి చెప్పబోయాడు. జోజప్ప వినలేదు. "నాకు ఓల్టేజి వద్దు. శనివారం పన్నెండుకి పేపర్లు కావాలి. లేకపోతే విజయవాడలో వేరేవాళ్ళకిస్తాను. ఆ అమ్మాయి గదిలో యూరియా వేసుకుంటారు. దానికి మీరు ఏ పేరైనా పెట్టుకోండి."

అల్లుడికి ఫోను చేసి మెకానిక్కును పంపమని చెప్పడానికి దత్తాత్రేయులు ఎస్టీడీ బూతుకు వెళ్ళాడు. బూతు నడిపే శాంతయ్య ఆయన్ని మెట్టు ఎక్కనివ్వలేదు.

"మీరక్కడే ఉండండి మాస్టారూ. ఫోను నేనే బయటికి తెస్తా." వైరు ఎంత సాగుతుందో అంతా సాగదీసి, రిసీవరు కిటికీ ఊచల మధ్యనుంచి అందించాడు. దత్తాత్రేయులు ఊచలకు చెవి ఆనించి, వెనకనుంచి పోయే ఆటోల మోతలో వైరస్ సంగతి గట్టిగా అరిచి చెప్పవలసి వచ్చింది. ఇంకా తెలియనివాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకీ అప్పుడు తెలిసింది.

మర్నాడు ఉదయం పాలు తెచ్చిన చిట్టెమ్మ గేటు బయటే ఆగింది.

"అమ్మగారూ, గిన్నె ఇక్కడికే తెండి. అయ్యగారి చెప్పులు కాస్త లోపల పెట్టించండి. రాత్రి మా గేదె లీటరు తక్కువిచ్చింది."

"గేదెకి కంప్యూటరు వైరస్ ఎలా వస్తుంది?" అన్నాడు దత్తాత్రేయులు.

"ఏమో అయ్యగారూ. నాకు చదువు లేదు. మీరే తొక్కారు కదా దాని పేడ."

బాలాత్రిపురసుందరి పాలు పోయించుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఏమన్నా అంటే జవాబు చెప్పవచ్చునని దత్తాత్రేయులు ఎదురుచూశాడు.

పదకొండుకు గురుచరణ్ పంపిన మెకానిక్కు సాయిరాం దిగాడు. ఆపాటికి సెంటరు ముందు పదిహేనుమంది ఉన్నారు. సాయిరాం గుమ్మం దగ్గర బూట్లు విప్పాడు. మేజోళ్ళు కూడా విప్పాడు.

గుమ్మం బయట నిలబడ్డ దత్తాత్రేయులు అడిగాడు. "బాబూ, చెప్పులకీ వైరస్‌కీ ఏమైనా సంబంధం ఉందా?"

"ఏమీ లేదండి."

"మరి మీరెందుకు విప్పారు?"

"ఎందుకైనా మంచిదని సార్."

సాయిరాం తన ఫ్లాపీ వేసి కంప్యూటరును పరీక్షించాడు. వైరసే అన్నాడు. బయటివాళ్ళు తలలూపారు. ఈమధ్య బయటి ఫ్లాపీలేమైనా పెట్టారా అని అడిగాడు. శ్రీవల్లి సొరుగులో ఉన్నవన్నీ బల్లమీద పెట్టింది. ఒక్కొక్కటే పెట్టి చూశాడు. మొదటి మూడూ శుభ్రంగా ఉన్నాయి. నాలుగోదానికి కంప్యూటరు కీచుమంది. సాయిరాం దాన్ని బయటికి తీసి, మీద గుండ్రటి అక్షరాలతో రాసి ఉన్నది పైకి చదివాడు.

"కంప్యూటరు వైరస్: అపోహలు, వాస్తవాలు. దత్తాత్రేయులు."

బయటున్న తలలన్నీ మాస్టారివైపు తిరిగాయి.

"పేరు బాగుంది మాస్టారూ," అన్నాడు లోపల కూర్చున్న జోజప్ప.

"కరెంటు వచ్చాక ఆన్ చేసినప్పుడు ఇది లోపలే ఉందామ్మా?" అడిగాడు సాయిరాం.

"ఉంది. తీసి మళ్ళీ ఆన్ చేశాను."

"అప్పుడే ఎక్కింది. ఈ రకం వైరస్ ఫ్లాపీ లోపలుండగా ఆన్ చేస్తేనే ఎక్కుతుంది. ఇది టైపు చేసిన ఆఫీసులోనే ఈ ఫ్లాపీకి పట్టి ఉంటుంది. మీ ఫైళ్ళకేం కాలేదులెండి. గంటన్నరలో బాగు చేస్తా."

దత్తాత్రేయులు కచ్చితమైన మనిషి. తప్పు తనదని తేలాక దాన్ని ఒక్క నిమిషం కూడా దాచుకోదలచలేదు. అక్కడున్న పదిహేనుమందివైపు తిరిగి, వైరస్‌ను తీసుకొచ్చింది తానేనని, అది తన ఫ్లాపీలో వచ్చిందని, ఫ్లాపీలను పరీక్షించకుండా పెట్టడం ప్రమాదమని, చెప్పులకు దీనితో ఎటువంటి సంబంధమూ లేదని స్పష్టంగా చెప్పాడు. జనం శ్రద్ధగా విన్నారు.

"ఫ్లాపీ ఎక్కడిది మాస్టారూ?" అన్నాడు సీతారామారావు స్టూలు మీదనుంచి.

"నాదే."

"లోపలికి ఎట్లా వచ్చింది?"

"నా జేబులో."

"మీరెట్లా వచ్చారు?"

"నడిచి."

"దేంతో?"

జనంలో ఎవరో "అదీ సంగతి" అన్నారు. "ఇదే ఫ్లాపీ చెప్పులు విప్పొచ్చినాయన తెచ్చుంటే వచ్చేదా?" అన్నాడు శాంతయ్య. వచ్చేదని సాయిరాం లోపలినుంచి అన్నాడుగాని, మేజోళ్ళు కూడా లేని కాళ్ళతో కూర్చుని అన్న ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు.

"మాస్టారూ, మీరు పెద్దవాళ్ళు," అన్నాడు సీతారామారావు. "మీతో నాకు వాదనెందుకు. ఒక్క మాట చెప్తాను. ఈ ఊళ్ళో జనం ఈ సెంటరుకి రావాలంటే ఇక్కడ చెప్పులు విప్పుతారన్న నమ్మకం ఉండాలి. నిన్న మీరు నలుగురి ముందూ వేసుకుని వెళ్ళారు. ఇవాళ నలుగురి ముందూ విప్పి వెళ్ళండి. గది అమ్మాయిదే. దసరాదాకా కూడా ఆగను. లేదంటారా, సాయంత్రం బస్తాలు దింపిస్తాను."

"మిగతా మూడు స్కూళ్ళవాళ్ళూ పొద్దున్నుంచీ ఇదే అడుగుతున్నారు," అన్నాడు జోజప్ప నేలచూపులు చూస్తూ. "చెప్పులు విప్పే సెంటరేనా అని."

శ్రీవల్లి కంప్యూటరు ముందునుంచి లేవలేదు. "మీ ఇష్టం మాస్టారూ," అంది. ఆమె గొంతులో బతిమాలడం లేదు. అదే ఆయన్ని ఇబ్బంది పెట్టింది.

చెప్పవలసింది దత్తాత్రేయులు దగ్గర చాలా ఉంది. నాలుగు పేజీలుంది. మూడో పేజీలో సరిగ్గా ఈ రకమైన ఒత్తిడి గురించే, దానికి లొంగితే సమాజానికి కలిగే నష్టం గురించే రాశాడు. ఆయన గదిలోకి చూశాడు. గోడవారగా, ఫినాయిలు ఆరిన నేలమీద, యూరియా బస్తాలు ఉండిన చోటు తెల్లగా గీతగీసినట్టు ఇంకా తెలుస్తోంది.

గోడ పట్టుకుని ఎడమ చెప్పు విప్పాడు. తరువాత కుడిది విప్పాడు. శాంతయ్య వాటిని చేత్తో ముట్టుకోకుండా కాలితో మెల్లగా గుమ్మానికి దూరంగా జరిపాడు. దత్తాత్రేయులు లోపలికి వెళ్ళి జోజప్ప పక్కన కూర్చుని తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం ప్రశ్నపత్రం అందుకున్నాడు. అందులో మూడు తప్పులు పట్టుకున్నాడు.

ప్రశ్నపత్రాలు శనివారం పదకొండున్నరకు జోజప్ప చేతికి అందాయి. సోమవారం పరీక్షలు జరిగాయి. గది శ్రీవల్లికి దక్కింది. ఆ తరువాత పదకొండు నెలలపాటు ఆ సెంటరుకు వచ్చినవారందరూ చెప్పులు బయటే విప్పారు. ఆ పదకొండు నెలల్లో కంప్యూటరుకు వైరస్ రాలేదు.