బెత్తెడు ఎత్తు

మధ్యాహ్నం మూడింటికి అద్దాల కర్మాగారంలో తన పికప్పు బండిని చూపించాలి. ఆలోగా దాన్ని కడిగి, టైర్లకు గాలి కొట్టించి, వీలైతే ఓ గంట నడుం వాల్చాలి. ఆ ఉదయం ‘నిదానం’ చేసుకున్న ఏర్పాటు ఇంతే. పన్నెండేళ్లుగా బండి నడుపుతున్నా ఒక్కనాడూ ఎవరినీ దాటిపోని మనిషి కనుక ఊరు ఆయనకు ఆ పేరు పెట్టింది.

కాఫీ తాగుతూ మేనేజరు పంపిన సందేశాన్ని ఆయన మరోసారి చదివాడు. ‘బండి వెనక భాగం ఎత్తు కొలుస్తాం. సరిపోతే ఏడాది పని మీదే.’ ఏడాది పాటు రోజూ పని! అడ్డాలో ఎండలో నిలబడి, దొరికిన బేరానికల్లా తలూపే బతుకు తప్పుతుంది. కానీ ఆ ‘వెనక భాగం’ అన్న మాట దగ్గర ఆయన చూపు ఆగిపోయింది. బరువులు మోసి మోసి బండి వెనక కుంగిపోయింది. చదునైన రోడ్డు మీద కూడా కొండెక్కుతున్నట్టే కనిపిస్తుంది.

“కుంగిందని మేనేజరుకు ఎవడో చేరవేశాడు,” అన్నాడు.

“కొలవనివ్వండి. కొలిస్తే అరిగిపోతుందా?” అంది భార్య.

“నవ్వుతారే.”

“అయితే ఎంత ఎత్తుండాలో ఫోన్ చేసి అడగండి. నోటి ముత్యాలేం రాలిపోవుగా!”

ఆయన అడగలేదు. అడగడమంటే లోపాన్ని ఒప్పుకోవడమేనని తోచింది. మనిషి దేన్ని దాచుకుంటాడో, లోకంలోని ప్రతి మాటా దాని గురించేనని నమ్ముతాడు.

బండిని బాగు చేయించడానికి మెకానిక్ షెడ్డుకు బయల్దేరితే, తోడుగా బావమరిది వచ్చాడు. ఎన్నడూ బండి కొనకపోవడం వల్ల అతనికి బండ్ల గురించి తెలియనిది లేదు.

మెకానిక్ బండి కిందికి దూరి, వెనక ఇరుసు మీద బరువు మోసే కమాను పట్టీలను తట్టి చూశాడు. “ఇవి పట్టీలు కావన్నా, పడుకున్న పాములు. కొత్తవి వేద్దాం. ఒకటి ఎక్కువే వేస్తాను, నీ మనవల దాకా కుంగదు.”

వేశాడు. వెనక లేచింది. ముందుభాగం వంగినట్టయింది.

“బావా, బండి ఎవరి కాళ్ల మీదో పడుతున్నట్టుంది,” అన్నాడు బావమరిది.

ముందూ లేపారు. అప్పుడు టైర్లు మరీ చిన్నవిగా కనిపించాయి.

“పెద్దమనిషి నిక్కరేసుకున్నట్టుంది బావా.”

పాత టైర్లు తీసి పెద్దవి తొడిగారు. మలుపు తిప్పితే అవి మడ్‌గార్డుకు రాసుకున్నాయి. మడ్‌గార్డును కోశారు. ప్రతి మందూ ఒక కొత్త రోగాన్ని వెంటబెట్టుకొచ్చింది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చామేమోనని నిదానానికి ఒక్క క్షణం అనిపించింది. కానీ బండి అప్పటికే ఠీవిగా నిలబడి ఉంది. దాన్ని చూసి, పన్నెండేళ్లలో మొదటిసారి ఆయన ఛాతీ కూడా కొంచెం లేచింది.

కర్మాగారంలో మేనేజరు టేపు పట్టుకుని వచ్చి, బండిని చూసి ఆగిపోయాడు.

“మీ బండేదండీ?”

“ఇదేనండీ.”

“ఇది కాదు, ఆ కుంగిన బండి!”

మేనేజరు ఆయన్ని సరుకు ఎక్కించే అరుగు దగ్గరికి తీసుకెళ్లాడు. అద్దాల పలకలను చక్రాల బల్ల మీద నిలబెట్టి, అరుగు మీది నుంచి నేరుగా బండి వెనక తొట్టిలోకి తోస్తారు. రెండు వేళ్ల తేడా ఉన్నా పలక పగులుతుంది.

“ఊళ్లో అన్ని బండ్లూ ఎత్తేనండీ. మొన్న సిగ్నల్ దగ్గర మీ బండి చూశాను. సరిగ్గా మా అరుగంత! అందుకే కదా కొలుస్తామన్నాను? ఏం చేశారండీ దాన్ని?”

“బాగు చేయించాను,” అన్నాడు నిదానం.

టేపు పెడితే అరుగు కంటే తొట్టి బెత్తెడు ఎత్తుంది. నిదానం మెకానిక్‌కు ఫోన్ చేశాడు.

“పాత పట్టీలున్నాయా తమ్ముడూ?”

“పాతసామాన్లవాడు అప్పుడే పట్టుకుపోయాడన్నా. మన షెడ్డులో చెత్త ఉండదు.”

బరువుకు తొట్టి కిందికి దిగుతుందేమోనని బావమరిదిని ఎక్కించారు. దిగలేదు. నలుగురు హమాలీలు ఎక్కారు. కాపలావాడు ఎక్కాడు. చివరికి మేనేజరూ ఎక్కి ఒకసారి ఎగిరి చూశాడు. తొట్టి వేలెడు కూడా దిగలేదు.

“ఇంకో పదిమంది ఎక్కినా ఇంతే బావా!” అని పైనుంచి బావమరిది గర్వంగా అరిచాడు.

మేనేజరు కిందికి దిగి, చేతులు దులుపుకుని, ఆ పట్టీలను వంగి చాలాసేపు చూశాడు. ఆ చూపులో తన బండి పట్ల ఇంతవరకూ ఎవరూ చూపని గౌరవం కనిపించి, నిదానానికి మళ్లీ ఆశ పుట్టింది.

“మాకు ఇసుక తోలే లారీలు తొమ్మిదున్నాయండీ. నెలకోసారి పట్టీలు విరుగుతున్నాయి,” అన్నాడు మేనేజరు. “ఈ పని చేసిన మెకానిక్ నంబరు చెప్పండి. ఏడాది పని అతనికే ఇచ్చేస్తాం.”

నిదానం ఆ నంబరును రెండుసార్లు చెప్పాడు, ఒక్క అంకె కూడా తప్పు పోకుండా.