గేటు ముందు సోఫా

రిటైరైన టైం కీపరు ఆ ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే. కాఫీ వేళలోపు ఇంట్లోంచి సోఫాను వదిలించుకోవాలి. డిపోలో వచ్చే బస్సుకూ పోయే బస్సుకూ వేళ చెప్పి చెప్పి విసిగిపోయిన మనిషి ఆయన. బస్సు ఆగని చోటే కావాలని పట్టుబట్టి, భార్యను బతిమాలి, పొలాల మధ్య రోడ్డు పక్కన ఈ చిన్న ఇల్లు కొన్నాడు.

ఆ నిశ్శబ్దం ఆయనకు హాయిగా ఉంది గాని ఆవిడకు పడలేదు. పాత వీధిలో గుమ్మంలో నిలబడితే చాలు, నలుగురు పలకరించేవారు. ఇక్కడ కాకులు కూడా ముభావంగా ఉండేవి. నెలాఖరు దాకా చూస్తానని, ఆ తరవాత చెల్లెలి దగ్గరికి వెళ్ళి అక్కడే ఉండిపోతానని తేల్చి చెప్పేసింది. ఆవిడ ఉత్తుత్తి మాటలు చెప్పే మనిషి కాదని ఆయనకు తెలుసు.

"ఈ ఇంట్లో నాకు తోడు మీరూ, ఆ సోఫా. ఇద్దరూ ఉన్నచోటు నుంచి కదలరు, మాట్లాడరు" అంది ముందు రోజు.

అందులో ఆయన సోఫా వరకే పట్టించుకున్నాడు. పాలవాడి సాయంతో దాన్ని గేటు బయటికి మోయించి, "కావలసినవారు తీసుకుపోవచ్చు" అని రాసిన అట్టముక్క తగిలించాడు.

ఎవరూ తీసుకుపోలేదు. మోకాళ్ళ నొప్పులతో నడిచి వస్తున్న ఒక రైతు అట్టముక్కను పక్కకు జరిపి కూర్చున్నాడు. గుడ్లు అమ్మే ఆమె బుట్ట దించుకుని ఆ కొసన కూర్చుంది. దారిన పోతున్న బస్సు వాళ్ళను చూసి ఆగింది. వాళ్ళు బస్సు కోసం కూర్చోలేదు. అయినా ఆగింది కదా అని ఎక్కేశారు.

ఆ సంగతి ఊరంతా పాకి, మర్నాటికి సోఫా నిండిపోయింది. ఎలాగూ ఖాళీగా కూర్చున్నారని ఒక బార్బరు వచ్చి గడ్డాలు గీయడం మొదలుపెట్టాడు. సోఫా కాలికి ఎవరో మేకను కట్టేశారు. ఎండ తగలకుండా కర్రలు పాతి టార్పాలిన్ కట్టారు. కార్లలో పోయేవాళ్ళు ఆగి ఫొటోలు తీసుకున్నారు, ఎక్కువగా మేకకే.

ఆవిడ రోజూ కిటికీ దగ్గర నిలబడి ఇదంతా చూస్తోంది. కోపం ముదురుతోందని ఆయన భయం. "ఇక్కడ కూర్చోరాదు" అని బోర్డు పాతాడు. జనం దానికి సంచులు తగిలించుకున్నారు. సోఫాను గేటు లోపలికి లాగించాడు. జనం గేటు తీసుకుని లోపలికే వచ్చారు, బస్సు గేటు ముందు నిలబడి హారను కొట్టింది, మేక పూలమొక్కల పని పట్టింది. సోఫాను మళ్ళీ బయటికే లాగించాడు.

చివరికి డ్రైవరునే నిలదీశాడు. అతను ఒకప్పుడు ఆయన డిపోలోనే పనిచేసినవాడు.

"ఇది స్టాపు కాదు కదయ్యా, ఎందుకు ఆపుతున్నావు?"

"రోడ్డు పక్కన నిలబడ్డ మనిషిని వదిలేసి పోయానని మీరే నాకు మెమో ఇచ్చారు సార్. వీళ్ళు ఏకంగా కూర్చునే ఉన్నారు. ఎలా వదిలేస్తాను?"

ఆయన వెనక్కి తిరిగి ఇంట్లోకి వచ్చేశాడు.

నెలాఖరు వచ్చింది. ఆవిడ సంచి సర్దుకుంది. పెద్ద రోడ్డు దాకా నడిచే బాధ తప్పిందని, ఆయన పుణ్యమా అని బస్సు గుమ్మంలోకే వస్తోందని చెప్పి బయలుదేరింది. ఆయనకు ఏడుపొక్కటే తక్కువ. ఆవిడను పంపించే ఏర్పాటంతా తన చేతులతో తనే చేశాడు. తను ఇష్టపడింది నిశ్శబ్దాన్ని కాదని, ఆవిడ పక్కగదిలో ఉన్నప్పటి నిశ్శబ్దాన్నని ఆయనకు అప్పుడు తెలిసింది. ఆ మాట చెప్పేలోపే ఆవిడ గేటు దాటడంతో, కిటికీ దగ్గర నిలబడిపోయాడు.

సోఫాలో గుడ్లామె జరిగి చోటిచ్చింది. ఇద్దరూ మాటల్లో పడ్డారు. బస్సు వచ్చింది. మోకాళ్ళ రైతు మూలుగుతూ ఎక్కాడు. ఆవిడ లేవలేదు.

"నువ్వు పోనీయవయ్యా. ఈవిడ కోడలి సంగతి ఇంకా సగంలోనే ఉంది" అంది డ్రైవరుతో.

బస్సు వెళ్ళిపోయింది. ఆయన చెప్పుల్లేకుండానే పరుగెత్తుకొచ్చాడు. తరవాతి బస్సు సాయంత్రం దాకా లేదని అలవాటుకొద్దీ చెప్పాడు.

"తెలుసు లెండి. ఈ సంచి లోపల పెట్టి, అందరికీ కాఫీ పట్రండి. ఇన్నాళ్ళూ కిటికీలోంచి వింటే సగం మాటలు వినపడి చావలేదు."

ఏ ఒక్కరికీ బస్సు తప్పకూడదని ఉద్యోగమంతా కాపలా కాసిన మనిషి, ఒక బస్సు తప్పినందుకు మొదటిసారి సంతోషించాడు. కాఫీలు తెచ్చి, అందరికీ ఇచ్చి, తనూ కూర్చుందామని సోఫా వైపు చూశాడు.

చోటు లేక, మేక పక్కన నిలబడ్డాడు.