మూడో నంబరు సాక్సులు

ఆ సోమవారం పొద్దున ఎల్లేశం పెట్టుకున్న పని ఒక్కటే. డ్యూటీకి పోయే దారిలో మందుల షాపు దగ్గర ఆగి, డాక్టరమ్మ చెప్పిన సాక్సులు కొనుక్కోవాలి. పుప్పాలగూడలో అతని గది నుంచి నానక్‌రామ్‌గూడలో అతను కాపలా కాసే టవర్‌కు షేర్ ఆటోలో పావుగంట. అన్నీ కలిపి అరగంట పని. దానికి పది రోజులు పట్టింది.

ఎల్లేశానికి యాభై మూడేళ్ళు, షుగర్ వచ్చి ఆరేళ్ళు. ఆ సంగతి తెలిసింది ముగ్గురికే: అతనికి, అదే టవర్‌లో ఆరో అంతస్తు తుడిచే భార్య కనకమ్మకు, బస్తీ దవాఖాన డాక్టరమ్మకు. సెక్యూరిటీ ఏజెన్సీకి మాత్రం తెలియకూడదు. గేటు దగ్గర పన్నెండు గంటలు నిలబడే ఉద్యోగం అది. నిరుడు ఒక గార్డు షుగర్ పడిపోయి గేటు దగ్గరే కూలబడితే, ఆ సాయంత్రమే అతని యూనిఫాం వెనక్కి తీసుకున్నారు. అప్పటి నుంచి ఎల్లేశం మధ్యాహ్నం గోళీని బాత్‌రూంలో నిలబడి మింగుతున్నాడు. ఎవరైనా చూస్తే గ్యాస్ గోళీ అంటాడు.

ఈమధ్య కాళ్ళు వాస్తున్నాయి. సాయంత్రం బూట్లు విప్పితే పాత సాక్సుల ఎలాస్టిక్ పడిన చోట కాలి చుట్టూ గాడి ఉంటోంది. డాక్టరమ్మ ఆ గాడి చూసింది, పాదం మీద రెండు వేళ్ళు పెట్టి చాలాసేపు నాడి వెతికింది. గట్టివి వద్దని, షుగర్ ఉన్నవాళ్ళ కోసం ఎలాస్టిక్ లేకుండా చేసే వదులు సాక్సులు వేసుకొమ్మని చెప్పింది. కాళ్ళకు రక్తం ఎంత పోతుందో పరీక్ష చేయించమని పెద్ద దవాఖానకు చీటీ కూడా రాసిచ్చింది. పరీక్షకు పోవాలంటే సెలవు అడగాలి, సెలవుకు కారణం చెప్పాలి. చీటీ జేబులోనే ఉండిపోయింది.

సోమవారం షాపులోనే తొడుక్కున్న వదులు సాక్సులు మెత్తగా, హాయిగా ఉన్నాయి. టవర్ చేరేసరికే జారి బూట్లలోకి వెళ్ళిపోయాయి.

ఇది మామూలు చోట పెద్ద విషయం కాదు. కానీ ఆ టవర్‌లో డ్యూటీ ఎక్కే ముందు గార్డులందరినీ సెల్లార్‌లో వరుసగా నిలబెట్టి తనిఖీ చేస్తారు. దాన్ని ఫాలిన్ అంటారు. సూపర్‌వైజర్ భీమేశ్వరరావు అక్కడ ప్యాంట్లు నాలుగు వేళ్ళు పైకి లేపించి సాక్సులు చూస్తాడు. టోపీ ఎవడైనా సరిగ్గా పెట్టుకుంటాడు, మనిషి క్రమశిక్షణ సాక్సుల్లో తెలుస్తుందని ఆయన నమ్మకం.

ఎల్లేశం ప్యాంటు లేపాడు. కింద ఉత్త కాలు కనిపించింది.

"ఏమయ్యా ఎల్లేశం, డ్యూటీ మొదలవ్వకుండానే నీ సాక్సులు కూర్చున్నాయే? రేపటి నుంచి నువ్వూ ఇంట్లో కూర్చుంటావా?"

వరుసంతా నవ్వింది. ఎల్లేశం నవ్వలేదు. ఆ ఏజెన్సీలో ఇంట్లో కూర్చోబెట్టడమంటే ఏమిటో అతనికి తెలుసు.

మంగళవారం పొద్దున మళ్ళీ షాపుకు పోయాడు. షాపు నడిపే ప్రవీణ్‌కు సాక్సులు తిరిగిచ్చి, జారకుండా గట్టిగా పట్టేవి కావాలన్నాడు. ప్రవీణ్ మూడు డబ్బాలు బల్ల మీద పెట్టాడు. ఇవి వేరే రకమని, రక్తనాళాలు ఉబ్బినవాళ్ళకు, కాళ్ళు వాచేవాళ్ళకు ఇస్తారని, కింద గట్టిగా నొక్కి రక్తాన్ని పైకి తోస్తాయని చెప్పాడు. ఒకటి, రెండు, మూడు. నంబరు పెరిగినకొద్దీ పట్టు పెరుగుతుంది.

"డాక్టర్ ఏ నంబరు రాసిండే అన్నా?"

జేబులో ఉన్న చీటీ మీద షుగర్ అని రాసుంది. పక్కనే అదే టవర్‌లో రెండో గేటు గార్డు ఐలయ్య నడుం నొప్పికి బామ్ కొనడానికి వచ్చి నిలబడ్డాడు.

"మూడు," అన్నాడు ఎల్లేశం.

"షుగర్ గిట్ల లేదు కద? కాళ్ళకు రక్తం సరిగ్గ పోనోళ్ళు ఇవి వేసుకోవద్దు. డబ్బా మీదనే రాసుంటది."

ఐలయ్య బామ్ మూత తీసి వాసన చూస్తూ ఇటు తిరిగాడు.

"నాకేం షుగర్? చాయ్‌ల మూడు చెంచాలు వేసుకుంట నేను."

ప్రవీణ్ టేపు తీసి, మడమ పైన, పిక్క దగ్గర కొలవాలని ప్యాంటు లేపమన్నాడు. ఎల్లేశం కాలి మీద షుగర్ మచ్చలున్నాయి. బూటు నంబరు ఎనిమిది, దాన్ని బట్టి ఇచ్చేయమన్నాడు. బూటు నంబరుకూ దీనికీ సంబంధం లేదని ప్రవీణ్ అంటుండగానే ఆటో వచ్చిందని మధ్య సైజు డబ్బా పట్టుకుని బయటపడ్డాడు. ఆటో నిజంగానే వచ్చింది. ఆ పొద్దున అతను చెప్పిన నిజం అదొక్కటే.

ఆ సాక్సులు తొడగడం ఇద్దరి పని. బుధవారం తెల్లవారి అయిదింటికి కనకమ్మ మొగుడి కాలికి పౌడర్ రాసి, గోడకు వీపు ఆనించి లాగింది. ఒక్కో కాలికి పది నిమిషాలు. రెండో కాలు అయ్యేసరికి ఆమె చీరంతా పౌడర్.

"దీనికన్న ఇంకో రెండంతస్తులు తుడుసుడు నయం," అంది. "రాత్రికి ఇప్పకు. అట్లనే పండుకో. రోజూ ఈ కుస్తీ నాతోని కాదు."

ఎల్లేశానికి ఆ మాట నచ్చింది. మొదటి రోజు పాదాలు మండిపోయాయి. రెండో రోజు తిమ్మిరెక్కాయి. మూడో రోజుకు ఏమీ లేదు. మంట లేదు, పోటు లేదు, కాళ్ళున్న సంగతే తెలియడం లేదు. ఇన్నేళ్ళలో ఇంత సుఖం ఎరగనన్నాడు. ఫాలిన్‌లో భీమేశ్వరరావు అతన్ని ముందుకు పిలిచి, ముడత లేని సాక్సులంటే ఎలా ఉంటాయో అందరికీ చూపించాడు.

అదే రోజు ఆరో అంతస్తు ఆఫీసులో వర్షిత అనే అమ్మాయి కనకమ్మను ఆపి, బుధవారం చీర మీద ఆ తెల్లటి మచ్చలేంటని అడిగింది. ఉద్యోగుల ఆరోగ్యం కోసం కార్యక్రమాలు పెట్టడం ఆమె పని. ఆ మూడు నెలలకు పెట్టాల్సిన కార్యక్రమం ఇంకా పెట్టలేదు. కనకమ్మ షుగర్ మాట దాచి సాక్సుల మాట చెప్పింది, కొంచెం గొప్పగానే చెప్పింది. సాయంత్రానికి వర్షిత గార్డులకూ హౌస్‌కీపింగ్ వాళ్ళకూ కలిపి నలభై మూడు జతలు తెప్పించడానికి అనుమతి తీసుకుంది. సైజు తెలియక కనకమ్మనడిగితే, మా ఆయనకు మధ్య సైజు సరిపోయిందని చెప్పింది. నలభై మూడూ మధ్య సైజే వచ్చాయి. అన్నీ మూడో నంబరే.

ఆదివారం గదిలో వాసన మొదలైంది. ఎలుక చచ్చిందనుకున్నారు. కనకమ్మ మంచం జరిపింది, బియ్యం డబ్బా వెనక చూసింది, చివరికి గ్యాస్ పొయ్యి కూడా దించింది. ఎల్లేశం టార్చి పట్టుకుని ఆమె వెంట తిరిగాడు. ఎటు పోయినా వాసన వాళ్ళతోనే వచ్చింది. కిరాయిదారుల్లో ఎవరో ఎలుకల మందు పెట్టి ఉంటారని తీర్మానించి పడుకున్నారు.

సోమవారం కార్యక్రమం. గార్డులందరూ ముందే తొడుక్కుని రావాలని వర్షిత చెప్పడంతో పొద్దున ఎనిమిదింటికి సెల్లార్‌లో కుస్తీ మొదలైంది. ఒకడు కింద కూర్చుంటే ఇద్దరు లాగుతున్నారు. ఐలయ్య పిక్కలు లావు. సగం దాకా ఎక్కిన సాక్సు పైకీ పోలేదు, కిందికీ రాలేదు. రెండు గేట్ల దగ్గరా మనిషి లేక కార్లు రోడ్డు దాకా నిలిచిపోయాయి. ఎవరెవరో దిగొచ్చి తామే గేట్లు తెరుచుకున్నారు.

పదింటికి అందరినీ లాబీలో వేదిక ముందు నిలబెట్టారు. ఆఫీసు వాళ్ళు ఓ వంద మంది కాఫీ కప్పులతో చుట్టూ చేరారు. వర్షిత ఎల్లేశాన్ని కుర్చీలో కూర్చోబెట్టి మైకు చేతికిచ్చింది.

"అంకుల్, జస్ట్ రెండు మాటలు చాలు. ముందు ఎట్లుండె, ఇప్పుడెట్లుంది."

"ముందు నొప్పి ఉండె మేడం," అన్నాడు ఎల్లేశం. "ఇప్పుడు లేదు."

చప్పట్లు కొట్టారు. ఇక ఎలా విప్పాలో, ఎలా తొడగాలో చూపిద్దామంది వర్షిత. ఎల్లేశం బూటు విప్పాడు. అయిదు రాత్రులుగా కాలినంటి ఉన్న సాక్సు రాలేదు. కనకమ్మ వచ్చి పట్టుకుంది, ఇంకో గార్డు సాయం పట్టాడు. ఒక్కసారిగా ఊడివచ్చింది. వెనక వరుసలో కాలు కనిపించని వాళ్ళు మళ్ళీ చప్పట్లు కొట్టారు.

ముందు వరుసలో ఎవరూ కొట్టలేదు. ఎడమ కాలి చిటికెన వేలు, దాని పక్క వేలు బొగ్గులా ఉన్నాయి. మడమ పైన చర్మం సాక్సుతో పాటు వచ్చింది. కనకమ్మకు ఆదివారం నాటి వాసన తెలిసింది. ఎలుక లేదని తెలిసింది. చేతిలో సాక్సు పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయింది.

ఎల్లేశం వంగి తన కాలును చూశాడు. మైకు ఇంకా చేతిలోనే ఉంది.

"నొప్పైతే లేదు మేడం," అన్నాడు.

పెద్ద దవాఖానలో డాక్టరు కనకమ్మకు నిలబడే చెప్పాడు. షుగర్ వల్ల కాలికి రక్తం తీసుకుపోయే గొట్టాలు అప్పటికే సన్నబడ్డాయి. ఉన్న కాస్త దారినీ ఆ సాక్సు నొక్కేసింది. నొప్పి తెలియకపోవడం తగ్గడం కాదు, నరాలు చచ్చుబడడం. ఇంకో రెండు రోజులైతే పాదం తీయాల్సి వచ్చేదట. రెండు వేళ్ళతో సరిపోయింది. తొడిగింది తానే, విప్పొద్దంది తానే అని కనకమ్మ ఆ రాత్రి వార్డు వరండాలో ఒక్కతే చాలాసేపు కూర్చుంది.

గురువారం భీమేశ్వరరావు వచ్చాడు. చేతిలో ఏజెన్సీ కాగితం ఉంది. జబ్బు దాచి ఉద్యోగం చేశానని, అందుకు మానుకుంటున్నానని ఎల్లేశం వేలిముద్ర వేయాలి. ఎల్లేశం బొటనవేలు చాపాడు. కనకమ్మ ఆ చేతిని వెనక్కి లాగి దుప్పటి కింద పెట్టింది.

భీమేశ్వరరావు కాగితం ఇవ్వలేదు. అటూ ఇటూ చూసి, మంచానికి అడ్డుగా ఉన్న తెర లాగి, స్టూలు మీద కూర్చున్నాడు. కూర్చుని ప్యాంటు పైకి లాగాడు. కింద మూడో నంబరు సాక్సు ఉంది.

"సోమవారం అందరికంటే ముందు నేనే తొడుక్కున్నానమ్మా," అన్నాడు. గొంతు బాగా తగ్గింది. "నాకు పదకొండేళ్ళ నుంచి షుగర్. ఏజెన్సీలో ఎవరికీ తెలీదు. ఇతని కాలు చూసినప్పటి నుంచి విప్పుదామనుకుంటూనే ఉన్నాను. లోపలేముందోనని ధైర్యం చాలట్లేదు. నొప్పి కూడా లేదమ్మా."

ఆ చివరి మాటకు కనకమ్మ లేచింది. నేల మీద కూర్చుని ఆయన కాలు ఒళ్ళోకి తీసుకుంది. సాక్సు పైఅంచు పట్టి సగం పిక్క దాకా దించి, అక్కడ ఆగింది.

"ఆ కాయితం సంగతేంది సార్?"

"ముందు తియ్యమ్మా."

"ముందు చెప్పు సార్. మావోడు ఇగ నిలబడలేడు. కూసునే డ్యూటీ ఏదన్న ఉన్నదా?"

భీమేశ్వరరావు కళ్ళు మూసుకున్నాడు. కంట్రోల్ రూములో కెమెరాలు చూసే మనిషి మానేశాడని, అది ఇప్పిస్తానని చెప్పాడు. వేళ్ళ సంగతి ఇంట్లో మెట్ల మీద జారిపడ్డాడని రాస్తానన్నాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

కనకమ్మ మిగతా సగం లాగింది. కాలి చుట్టూ ఎర్రటి గాడి ఉంది, మడమ దగ్గర ఒక పొక్కు ఉంది. ఆమె ఒక్కొక్క వేలూ విడదీసి, మధ్యలో కూడా చూసింది.

"నల్లగ లేవు సార్. బతికిపోయినవ్. కానీ ఇంటికి పోకు, ఈడనే డాక్టర్‌కు చూపించుకో."

ఆయన రెండో కాలు కూడా ముందుకు చాపాడు. అది సగంలో ఉండగా నర్సు తెర పక్కకు లాగి, చేతిలో ఇంజెక్షన్‌తో, షుగర్ పేషెంటు ఎవరని అడిగింది.

ఎల్లేశం, భీమేశ్వరరావు ఒకేసారి ఒకరినొకరు చూపించుకున్నారు.