పదింటికి వచ్చే పెద్దమనిషి

పట్టభద్రుడు ఆ రోజు పెందలాడే లేచాడు. పెందలాడే అంటే ఎనిమిదింటికి. ఆ రోజు అతను చేయదలుచుకున్న పని ఒక్కటే. తన గదిని ఎవరూ అద్దెకు తీసుకోకుండా చూడటం.

చదువు ముగించుకుని, రెండు పెట్టెలతో, ఒక పరుపుచుట్టతో ఇంటికి తిరిగొచ్చి నెల దాటింది. మొదటి వారం తల్లి అతన్ని చుట్టంలా చూసింది. రెండో వారం కొడుకులా చూసింది. ఆ తర్వాత నుంచి నడిచే దారిలో పెట్టిన బల్లను చూసినట్టు చూస్తూ, ఊడ్చినప్పుడల్లా "కాళ్లు తియ్యరా" అంటోంది. అందులో ఆవిడ తప్పేమీ లేదు. నిద్ర లేచి అద్దంలో మొహం చూసుకుంటే అతనికీ తనతో అదే మాట అనాలనిపించేది.

అతను కాలేజీలో ఉన్న రోజుల్లోనే, ఖాళీగా పడి ఉన్న గదిని అద్దెకిద్దామని తల్లికి తోచింది. గేటుకు బోర్డు కట్టింది. కొడుకు తిరిగొచ్చాడు గానీ బోర్డు దిగలేదు.

"నేనొచ్చేశాను కదమ్మా, ఇంక ఆ బోర్డెందుకు?" అని అడిగాడొకసారి.

"ఉద్యోగం వస్తే నువ్వెలాగూ పోతావు. అందాకా హాల్లో మడతమంచం వేస్తాలే" అంది ఆవిడ.

హాలంటే తండ్రి టీవీ. హాలంటే వచ్చేపోయేవాళ్లంతా "ఏం చేస్తున్నావు బాబూ?" అని అడిగి, జవాబు కోసం నిలబడి ఎదురుచూసే చోటు. ఈ లోకంలో పట్టభద్రుడికంటూ మిగిలింది ఆ గదీ, దాని తలుపుకున్న గడియా. గడియ వేసుకుంటే తను ఎందుకూ కొరగాడన్న సంగతి తనొక్కడికే తెలుస్తుంది. హాల్లో పడుకుంటే వీధి వీధంతటికీ తెలుస్తుంది.

తండ్రి రిటైరైన పోస్టుమాస్టరు. జీవితమంతా ఊరందరి ఉత్తరాలూ బట్వాడా చేయించిన మనిషి, ఇంట్లో మాత్రం కొడుకుతో సూటిగా ఒక్క మాట మాట్లాడడు. ఏదైనా సరే తల్లి ద్వారా చేరాల్సిందే. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని భోంచేస్తున్నా, "వాణ్ని ఆ నీళ్లు ఇటు జరపమను" అంటాడాయన వంటింటి వైపు చూసి. "నీళ్లు జరపరా" అని లోపల్నుంచి వినిపిస్తుంది. "జరిపానని చెప్పమ్మా" అంటాడు కొడుకు. ఈ నెల రోజుల్లో ఆ కాస్త బట్వాడా కూడా తగ్గిపోయింది; పొద్దున్నే టీవీ ఆపేసి ఎటో వెళ్లి, చీకటి పడ్డాకే తిరిగొస్తున్నాడాయన. తండ్రికి తనంటే పీకల్దాకా కోపమని, చదువు మీద పోసిన డబ్బంతా ఏట్లో పోసినట్టయిందని ఆయన లోలోపల కుమిలిపోతున్నాడని పట్టభద్రుడు తేల్చుకున్నాడు.

ఆ ఉదయం తండ్రి బుగ్గ బూరెలా ఉబ్బింది. దవడ పన్ను. నొప్పికి నోరు తెరవలేక, రెండు చేతులతో బుగ్గ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. తల్లి చెప్పులు వేసుకుంటూ హడావిడిగా పనులు పురమాయించింది.

"పదింటికి గది చూడ్డానికి ఒకాయన వస్తాడు. మర్యాదగా మాట్లాడి చూపించు. ఇంకేదో చెప్పాలిరా నీకు, ఏమిటబ్బా అది..."

గేటు దగ్గర నుంచి తండ్రి ఇంటి వైపు చూపిస్తూ, మెడ దగ్గర టై సర్దుకుంటున్నట్టు, కాగితం మీద సంతకం పెడుతున్నట్టు ఏవేవో సైగలు చేశాడు.

"వస్తున్నానండీ, ఎందుకంత తొందర!" అని ఆవిడ పరుగెత్తింది. చెప్పాల్సింది ఆవిడతోపాటే పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లిపోయింది.

పట్టభద్రుడు పనిలోకి దిగాడు. కాలేజీలో ఏ పరీక్షకీ అంత శ్రద్ధగా సిద్ధమైనవాడు కాదు. మురికి కాలవ వైపు కిటికీ బార్లా తెరిచాడు. తడి తువాళ్లు గదిలో ఆరేశాడు. మంచానికున్న మరలు రెండు వదులు చేశాడు. గదిని ఆనుకుని ఇంటిల్లిపాదికీ ఉన్న ఏకైక బాత్రూములో కుళాయి బొట్లు బొట్లుగా కారేలా మెడ దగ్గర కాస్త తిప్పాడు. చదువుకున్నవాడు కనక ఎంత తిప్పితే చాలో తెలియలేదు.

పది కాకముందే బెల్లు మోగింది. గుమ్మంలో ఇస్త్రీ చొక్కాతో, చేతిలో ఫైలుతో ఒక పెద్దమనిషి.

"మీ నాన్నగారు రమ్మన్నారు. ఓసారి చూసి, నాలుగు మాటలు మాట్లాడి వెళ్దామని వచ్చాను."

నాన్న కూడా ఈ కుట్రలో ఉన్నాడన్నమాట అనుకున్నాడు పట్టభద్రుడు. మనసు చివుక్కుమంది. అయినా మొహాన నవ్వు పులుముకుని, "రండి సార్, ముందు గది చూద్దురుగాని" అన్నాడు.

పెద్దమనిషి ఒక్క క్షణం తటపటాయించాడు. వెనక్కి తిరిగి గేటు మీది బోర్డు వైపు చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, వెంట నడిచాడు.

"కాలవ కంపు పొద్దున కాస్త తక్కువే సార్. సాయంత్రం రావాలి మీరు. ఇదిగో మంచం, కూర్చోండి, అలా కాదు, ఈ మూలకు. ఆ మూల కూర్చుంటే ఈ మూల లేస్తుంది."

"ఊఁ. ఇంట్లో మనుషులో?"

"అసలు కథ అక్కడే ఉంది సార్. మా అమ్మ గొంతు విన్నారంటే ఇక మీకు అలారం అక్కర్లేదు. మా నాన్న అసలు మాట్లాడరు. ఏది ఎక్కువ కష్టమో ఇన్నేళ్లయినా నాకే తేలలేదు. వీళ్లిద్దరితోనైనా పడొచ్చు. ఒక కొడుకున్నాడు."

"ఎలాంటివాడు?" అన్నాడు పెద్దమనిషి, మంచం మీద జాగ్రత్తగా ముందుకు జరుగుతూ.

"పది దాకా లేవడు. పని చెప్తే తలనొప్పంటాడు. డిగ్రీ ఉంది గానీ, ఏం చదివావని అడిగితే ఆలోచించుకుని చెప్తాడు. చిన్న చిన్న మరమ్మతులు చేస్తానని మొదలుపెట్టి ఉన్నది కాస్తా ఊడదీస్తాడు. అలాంటివాడితో ఒకే కప్పు కింద ఉండటం ఎవరి తరం సార్?"

"ఆ అబ్బాయి..."

"నేనే సార్."

పెద్దమనిషి అతన్ని ఎగాదిగా చూశాడు. పట్టభద్రుడికి హుషారొచ్చింది. గదిని కాపాడుకోవడానికని మొదలుపెట్టినా, ఇన్నాళ్లుగా లోపల దాచుకున్నదంతా పరాయివాడి ముందు కక్కేస్తుంటే ఎంతో హాయిగా ఉంది. అందులో అబద్ధం వెతికినా లేదు మరి.

"రండి సార్, కుళాయి చూపిస్తా. ఎప్పుడూ కారుతూనే ఉంటుంది" అని బాత్రూములోకి తీసుకెళ్లి, కాస్త గట్టిగా తిప్పాడు. కుళాయి చేతిలోకి ఊడొచ్చింది. గోడలోంచి నీళ్లు రివ్వున ఎగజిమ్మి పెద్దమనిషి గుండెల మీద తగిలాయి. ఆయన వెనక్కి తిరిగితే వీపు మీద తగిలాయి. ఇద్దరూ కలిసి బొక్కలో తువాలు కుక్కి నీళ్లు ఆపేసరికి ఆయన ఇస్త్రీ చొక్కా ఒంటికి అంటుకుపోయింది. ఫైలు బక్కెట్లో తేలుతోంది.

ఎంత వెళ్లగొట్టాలనుకున్నా తడిబట్టలతో పంపలేడు కదా. తన నిక్కరు, కాలేజీ వదిలిపెట్టిన రోజు క్లాసువాళ్లంతా వేసుకున్న బనీను తెచ్చిచ్చాడు. వీపు మీద పెద్ద అక్షరాలతో "చదివింది చాలు!" అని ఉంది. మార్చుకోమని గదిలోకి పంపి తలుపు దగ్గరగా వేస్తుండగా ఫోను మోగింది. తల్లి.

"ఒరేయ్, కొంప మునిగిందిరా! రాత్రే చెప్పమన్నారు మీ నాన్న, నా మతి మండ! నీ ఉద్యోగం సంగతి మాట్లాడ్డానికి ఒకాయన వస్తాడట. ఆయన్నీ పదింటికే రమ్మన్నారట. ఇందాక గేటు దగ్గర సైగలు దానికేనట. పన్ను పీకేశారు, నోట్లో దూది, ఇప్పుడు కాగితం మీద రాసి చూపిస్తున్నారు. తల దువ్వుకుని తగలడు!"

పట్టభద్రుడి లెక్క చాలా తేలిక. వచ్చినవాడు గది మనిషి. రావలసినవాడు ఉద్యోగం మనిషి. తడి జుట్టు వేళ్లతో వెనక్కి దువ్వుకుంటుండగానే బెల్లు మోగింది.

ఈసారి వచ్చినాయన సన్నగా, భయం భయంగా ఉన్నాడు. "ఫోన్లో మాట్లాడాను. పదింటికి రమ్మన్నారు" అన్నాడు.

"మీకోసమే కాచుక్కూర్చున్నాను సార్!" పట్టభద్రుడు ఆయన రెండు చేతులూ పట్టుకుని లోపలికి లాక్కొచ్చాడు.

"నాకు ముఖ్యంగా కావలసింది ప్రశాంతత. ఒంటరిగాణ్ణి. నా పనేదో నేను చూసుకునేవాణ్ణి."

"ఇక మీరు ఒంటరి కాదు సార్. పొద్దున మీరు కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఉంటాను. రాత్రి మీరు పొమ్మనేదాకా కదలను."

సన్నటాయన చేతులు వెనక్కి లాక్కున్నాడు. "తలుపు వేసుకుని కూర్చోవడం అలవాటు నాకు."

"వేసుకోండి సార్, తలుపు కొట్టి మిమ్మల్ని విసిగించను. నేరుగా వచ్చేస్తాను."

"నెలకు... నెలకు ఎంతనుకుంటున్నారు?"

"మొదట్లో మీకు తోచినంత. ఏటేటా పెంచుకుంటూ పోదాం. డబ్బు కాదు సార్ ముఖ్యం. మీరే నాకు మొదటివారు. ఒకసారి కుదిరాక మీరు పొమ్మన్నా పోను, వేరే చోటికి వెళ్తే అక్కడికీ వస్తాను."

సన్నటాయనకు ముచ్చెమటలు పోశాయి. సరిగ్గా అప్పుడే గది తలుపు తెరుచుకుంది. బిగుతు బనీనులో, నిక్కరులో, ఊడిన కుళాయి చేత్తో పట్టుకుని పెద్దమనిషి బయటికొచ్చాడు. "బాబూ, ఇదెక్కడ పెట్టమంటావు?"

"ఎవరాయన?" అన్నాడు సన్నటాయన, గుమ్మం వైపు జరుగుతూ.

ఉద్యోగం చేతికందే వేళ ఈ గది మనిషి అడ్డొచ్చాడే అని పట్టభద్రుడు మండిపడ్డాడు. వంగి సన్నటాయన చెవిలో, "పట్టించుకోకండి సార్. గదిలో ఉంటానని వచ్చాడు. ఒకసారి నీళ్లు కొట్టి చూశాను, పోలేదు. ఇంకేదో ఆలోచిస్తాను" అన్నాడు.

సన్నటాయన కాలికి బుద్ధి చెప్పాడు. చెప్పులు కూడా చేత్తోనే పట్టుకుపోయాడు. గేటు దగ్గర తల్లీ తండ్రీ రిక్షా దిగుతున్నారు.

"మొన్న బోర్డు చూసి నంబరు రాసుకున్నది మీరే కదండీ! గది నచ్చిందా?" అని తల్లి ఆయన్ని నవ్వుతూ పలకరించడం, ఆయన జవాబు చెప్పకుండా వీధి మలుపు తిరగడం పట్టభద్రుడు కిటికీలోంచి చూశాడు. నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. పారిపోయినవాడు గది మనిషైతే, తను నీళ్లతో తడిపి, నిక్కరు తొడిగి, కాలవ కంపు చూపించి, తన చరిత్రంతా విప్పి చెప్పింది ఎవరికి?

తండ్రి లోపలికొచ్చి "చదివింది చాలు!" అన్న వీపును చూసి ఆగిపోయాడు. పెద్దమనిషి ఇటు తిరిగాడు. తండ్రి గబగబా రెండు చేతులూ జోడించి, దూది నిండిన నోటితో "ఊ... ఊఊ" అన్నాడు. ఆ ఊకారంలో ఎంత క్షమాపణ ఉందో పట్టభద్రుడికి బట్వాడా లేకుండానే అర్థమైంది. తల కొట్టేసినట్టయింది. గదిలోకి పోయి గడియ వేసుకుందామంటే గది గుమ్మంలో పెద్దమనిషి నిలబడి ఉన్నాడు.

"సార్, మీరు గది కోసం వచ్చారనుకుని..." అంటూ నసిగాడు.

"అర్థమైందిలే. నేను పార్సెల్ ఆఫీసు మేనేజర్ని. బదిలీ అయి ఈ మధ్యే వచ్చాను" అన్నాడు పెద్దమనిషి, కుళాయి బల్ల మీద పెట్టి. "నేనొచ్చిన దగ్గర్నుంచి మీ నాన్నగారు రోజూ మా ఆఫీసుకొస్తున్నారు. మావాడు మంచివాడండీ అని ఒక్క మాటంటారు. అని బెంచీ మీద కూర్చుంటారు. నేను ఇంటికి బయల్దేరేదాకా కూర్చుంటారు. ఆయన పోరు పడలేకే వచ్చాను."

పట్టభద్రుడు తండ్రి వైపు చూశాడు. పొద్దున్నే టీవీ ఆపేసి ఎటో వెళ్లిపోయేది తన మొహం చూడలేకనే అనుకున్నాడు ఇన్నాళ్లూ. ఇంత మనిషిని పట్టుకుని అసలు మాట్లాడడని పరాయివాళ్లకు చెప్పుకున్నందుకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

మేనేజరు కొనసాగించాడు. "నా దగ్గరికొచ్చే కుర్రాళ్లంతా తమంతటివాళ్లు లేరంటారు. నాకు కావలసింది పగిలిన పార్సెల్ పగిలిందని కస్టమరు మొహం మీదే చెప్పగలిగేవాడు. ఈ అబ్బాయి సొంత ఇంటినే వదల్లేదు, తనను అసలే వదల్లేదు. సోమవారం నుంచి రమ్మనండి."

తల్లి ఆనందంతో కొంగు నోట్లో కుక్కుకుంది. తండ్రి భార్యను చెయ్యూపి పక్కకు తప్పుకోమని, కొడుకు ముందుకొచ్చి నిలబడ్డాడు. నోట్లోంచి దూది తీసి చేతిలో పట్టుకున్నాడు.

"తల తుడుచుకో. జలుబు చేస్తుంది" అన్నాడు.

"అదేమిటండీ, నాతో చెప్పకుండా!" అంది తల్లి.

పట్టభద్రుడు "సరే నాన్నా" అన్నాడు, తల్లి వైపు చూడకుండానే. అంతకుమించి ఇద్దరికీ ఏం మాట్లాడాలో తెలియలేదు. అలవాటు లేని పని.

"ఇకపోతే గది సంగతి" అన్నాడు మేనేజరు. "నెల నుంచి లాడ్జీలో చస్తున్నాను. చూపించిన ప్రతివాడూ గది స్వర్గమన్నాడు, వెళ్లి చూస్తే నరకం. లోపాలన్నీ ముందే చూసేసిన గది ఇదొక్కటే. నాకు ఖాయం చేయండి."

తల్లి కొడుకు వైపు చూసింది. ఈసారి బల్లను చూసినట్టు కాదు. వాడు వద్దంటే బోర్డు ఇప్పుడే పీకేద్దామన్నట్టు చూసింది. పైఅధికారి కాబోయే మనిషి తన నిక్కరులో నిలబడి అడుగుతుంటే కాదనే తెగువ పట్టభద్రుడికి లేదు. అదీకాక, హాలంటే అంతకుముందున్నంత భయం వేయలేదు. లోపలికెళ్లి తన దిండు తనే తెచ్చుకున్నాడు. తండ్రి అప్పటికే టీవీని ఓ పక్కకు జరిపి మడతమంచం విప్పుతున్నాడు.

సోమవారం అతను కొత్త ఉద్యోగానికి అరగంట ఆలస్యంగా వెళ్లాడు. సంజాయిషీ అడగడానికి మేనేజరుకు మొహం చెల్లలేదు. పొద్దుటి నుంచీ బాత్రూములో ఉన్నది ఆయనే.