ఎజ్రా గారి స్ట్రెయిటనర్ తనిఖీ

ఆదివారం పొద్దున్నే చర్చికి బయల్దేరే తొందరలో స్నేహలత జుట్టు సాపు చేసుకుంటోంది. చేతిలో ఉన్న స్ట్రెయిటనర్ ఒక్కసారి చిటపటలాడి, చెవి పక్క పాయను పట్టుకుని, బెత్తెడు కాల్చిగాని వదల్లేదు. రేపల్లెలోని ఆ రెండు గదుల వాటా కమురు కంపుతో నిండిపోయింది.

"స్నేహా, దోసె మాడుతున్నట్టుంది," అన్నాడు ఎజ్రా పేపర్లోంచి తలెత్తకుండా.

"మాడింది దోసె కాదండీ, నేను. వచ్చే ఆదివారం మా చెల్లెలి నిశ్చితార్థం. ఈ తల వేసుకుని ఎలా వెళ్లను? కొని మూడు వారాలు కాలేదు, ఏడాది వారంటీ అన్నాడు తెనాలి కొట్టువాడు. బిల్లు తీయండి."

ఆ బిల్లు ఎజ్రా చొక్కా జేబులో ఉండగానే చొక్కా వాషింగ్ మెషీన్లోకి వెళ్లింది. వచ్చేటప్పుడు బిల్లు లేదు, పిండిముద్ద ఉంది. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

"బిల్లు ఫైల్లో ఉంది."

"ఏ ఫైల్లో?"

"బాపట్లలో, మా ఆఫీసు ఫైల్లో."

"మనింటి స్ట్రెయిటనర్ బిల్లు కాలువల శాఖకెందుకండీ?"

బాపట్ల కాలువల ఆఫీసులో ఎజ్రా జూనియర్ అసిస్టెంటు. జవాబు లేని ప్రశ్నలన్నిటినీ ఫైల్లోకి తోసెయ్యడం పద్దెనిమిదేళ్ల సర్వీసులో అతను నేర్చిన ఏకైక విద్య.

"భద్రంగా ఉంటుందని. శనివారానికల్లా కొత్తది తెస్తాను, నువ్వు కల్పించుకోకు."

స్నేహలత మారుమాట్లాడలేదు. ఆవిడ మారుమాట్లాడని ప్రతిసారీ తనకేదో మూడుతుందని ఎజ్రాకు పెళ్లైన ఏడాదిలోనే తెలిసినా, ఆ పూట గుర్తురాలేదు.

శనివారం "ఆఫీసులో అర్జెంటు" అని చెప్పి తెనాలి రైలెక్కాడు. తెల్ల చొక్కా టక్కు చేసి, గుర్తింపు కార్డు వెనక్కి తిప్పి మెడలో వేలాడదీసి, చంకలో లావుపాటి ఫైలు పెట్టుకున్నాడు. బిల్లు లేనివాడికి హోదా ఉండాలన్నది అతని పథకం. కొన్నది స్నేహలతే కాబట్టి కొట్టువాడు అతన్ని ఎరగడు.

కొట్టు యజమాని శశిధర్‌ను ఊళ్లో నో రిటర్న్ శశిధర్ అంటారు. ఏడాది వారంటీ అని అమ్మి, పాడైందని వెళ్తే వారం వరకు టీ ఇచ్చి తిప్పి పంపుతాడు. అందుకే దాన్ని వారం-టీ అంటారు.

"బాపట్ల నుంచి వచ్చాను. వినియోగదారుల ఫిర్యాదు మీద," అన్నాడు ఎజ్రా. బాపట్లా నిజమే, ఫిర్యాదూ నిజమేనని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

శశిధర్ లేచి కుర్చీ వేశాడు. బాదం పాలు తెప్పించాడు. "తెనాలి గుంటూరు జిల్లా కదండి. బాపట్ల నుంచి మీరొచ్చారేంటి సార్?"

"ఫిర్యాదు చేసినావిడది రేపల్లె. ఆవిడ ఉన్న చోటే కేసు వేసుకోవచ్చు."

"ఆవిడ ఎలాంటి మనిషండి?"

"చాలా ప్రమాదకరమైన మనిషి," అన్నాడు ఎజ్రా. అంత మనస్ఫూర్తిగా అతనెప్పుడూ మాట్లాడలేదు.

శశిధర్ లోపలికెళ్లి కొత్త డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎజ్రా చెయ్యి చాపేలోగా బెంచీ మీద మిక్సీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ముసలావిడ అతని మోచెయ్యి పట్టుకుంది. పేరు మాణిక్యాంబ. అదే మిక్సీతో ఆ కొట్టుకు రావడం ఆవిడకది నాలుగోసారి.

"నువ్వు గవర్నమెంటా నాయనా? ఈ మిక్సీ చూడు. అరుపులు వీధి చివరిదాకా వినపడతాయి, పచ్చిమిరపకాయ మాత్రం చెక్కుచెదరదు."

"రాసి పంపండమ్మా, చూద్దాం."

ఆవిడ పంపలేదు. గుమ్మంలోకెళ్లి వీధి వీధంతా వినేలా కేకేసింది. పది నిమిషాల్లో ఫ్యాన్లు, ఇస్త్రీ పెట్టెలు, కుక్కర్లు చుట్టుముట్టాయి. ఒకాయన తెగిన చెప్పు తెచ్చాడు.

"చెప్పులు ఇక్కడ అమ్మరు కదండి," అన్నాడు ఎజ్రా.

"వినడానికొచ్చావుగా, విను," అన్నాడాయన.

"ముందు నీ నెంబరు చెప్పు నాయనా, మళ్లీ దొరకవు," అంది మాణిక్యాంబ. ఎజ్రా గాభరాలో తన నెంబరు ఇవ్వకూడదనుకుని, కంఠతా వచ్చిన ఇంకో ఒకే ఒక్క నెంబరు చెప్పేశాడు. అది భార్యది. మాణిక్యాంబ అక్కడికక్కడే నొక్కింది.

ఫోను గుమ్మంలో మోగింది. చెవి పక్కకు చున్నీ లాక్కుని స్నేహలత నిలబడి ఉంది.

"రండమ్మా," అన్నాడు శశిధర్ దండం పెట్టి. "కంపెనీవాళ్లు నిన్న ఫోన్ చేసి కొత్తది ఇచ్చెయ్యమన్నారు, డబ్బా సిద్ధంగా ఉంచాను. మళ్లీ ఈ సార్‌ని కూడా పంపాలాండి?"

స్నేహలత ఎజ్రాను నఖశిఖ పర్యంతం చూసింది. "సోమవారమే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, బిల్లు ఫోటో పంపించానండి. నేనెవర్నీ పంపలేదు. ఈయన ఆఫీసరు కాదు, మా ఆయన. కాలువల శాఖ గుమాస్తా."

ఎజ్రా ఫైలు వెనక మొహం దాచుకున్నాడు. ఉద్యోగం ఊడుతుందా, వీపు పగులుతుందా అన్నదే తేలాల్సి ఉంది.

"బిల్లు ఫోటో ఎప్పుడు తీశావు?" అన్నాడు నీరసంగా.

"అది మీ జేబులోకి వెళ్లే ముందు."

మాణిక్యాంబ తేల్చేసింది. "ఆఫీసరైతే రేపు రమ్మంటాడు. గుమాస్తా అయితేనే పనవుద్ది. మా ఫిర్యాదులు రాయి నాయనా."

"బాగా రాస్తారండి," అంది స్నేహలత. బల్ల మీది బాదం పాలు తాగేసి, కొత్త స్ట్రెయిటనర్ సంచిలో వేసుకుని, ఒంటిగంట రైలుకు వెళ్లిపోయింది.

ఎజ్రా స్టూలు మీద కూర్చుని సాయంత్రం దాకా పదకొండు అర్జీలు రాశాడు, చెప్పుతో సహా. వేళ్లు కొంకర్లు పోయాయి. జనమంతా వెళ్లాక శశిధర్ వచ్చి పక్కన నిలబడి గొంతు తగ్గించాడు.

"సార్, నాకూ ఒకటి రాసి పెడతారా? ఇంట్లో ఫ్రిజ్ కొని రెండు నెలలు, ఐసు కట్టట్లేదు. అమ్మినవాడు వెనక్కి తీసుకోనంటున్నాడు."

"మీ కొట్లో ఉన్నాయి కదండి ఫ్రిజ్‌లు?"

"మా ఆవిడ వద్దందండి," అన్నాడు శశిధర్ నేల చూపులు చూస్తూ. "మన సరుకు నమ్మలేం, వేరే కొట్లో కొనమంది."

ఎజ్రా అతని వంక జాలిగా చూసి, పన్నెండో కాగితం తీశాడు.