దెయ్యం వెనక్కి వెళ్తే కాలువకు నీళ్లొస్తాయి

కాలువ చివరి రైతుకు ఇంజనీరు అక్కర్లేదు. దెయ్యం కావాలి. అదీ రెండో భాగంలో దెయ్యం!

సీక్వెల్స్ పీడ అని మీరంటారు. నేను ఒప్పుకోను. ‘గిలకబావి బామ్మ’ మొదటి భాగం థియేటర్లో ఆడలేదు. తర్వాత కుర్రాళ్లు ఫోన్లలో చూసి చూసి దాన్ని కల్ట్ చేశారు. రెండో భాగంలో బామ్మ దెయ్యం హీరోని నలభై ఏళ్లు వెనక్కి తీసుకెళుతుంది. షూటింగు మా సిరవార దగ్గర, పిల్లకాలువ చివర పెట్టారు.

వెనకటి కాలమని ప్రేక్షకుడికి తెలియాలంటే ఏం చూపించాలి? పాత కారా? రేడియోనా?

“ఈ కాలువలో నీళ్లు చూపిస్తే చాలు, ఎవరైనా నమ్ముతారు” అన్నాడు డైరెక్టర్ అంబరీశ్.

అర్జీ పెట్టాడు. నీళ్లొచ్చాయి. రైతులు ధర్నా చేసినప్పుడు డ్యాములో లేని నీళ్లు బామ్మకు ఎక్కణ్నుంచి వచ్చాయని అడక్కండి. టైమ్ ట్రావెల్ కదా, వెనకటి నీళ్లే వచ్చుంటాయి.

మా ఆయకట్టులో కాలువలో నీళ్లు కనబడితే ఎవరినీ అడగరు, నాటేస్తారు. కాలువ చివరి మడి రైతు లక్ష్మీతిరుపతమ్మ కూడా నారు పీకించి నాట్లు వేయించింది. తూము కాపలాదారు నారప్ప తల పట్టుకున్నాడు.

“ఏంది తల్లీ, గిట్ల జేసినవ్? గవి సినిమా నీళ్లు. పొలానికి గావు.”

“ఆ సంగతి వరికేం తెలుసయ్యా?”

వెనకటి కాలంలో ఇంకొక్క షాటు మిగిలింది. అది అయ్యాక తూము మూస్తారు, హీరో వర్తమానంలోకి వస్తాడు. వర్తమానమంటే ఎండిన కాలువ. కంటిన్యుటీ ముఖ్యం కదా!

లక్ష్మీతిరుపతమ్మ నేరుగా డైరెక్టర్ దగ్గరికి వెళ్లింది.

“బాబూ, మీ హీరోని ఇంకొన్నాళ్లు అక్కడే ఉంచండి. ఇక్కడికొచ్చి ఏం చేస్తాడు?”

“కథ ఒప్పుకోదమ్మా. బామ్మ తిరిగి రావాల్సిందే.”

“దెయ్యానికేం తొందరండీ? గింజ పాలు పోసుకునేదాకా ఆగమనండి.”

అంబరీశ్ నవ్వి, కెమెరా పెట్టించాడు. టేకు మధ్యలో లక్ష్మీతిరుపతమ్మ సెల్ ఫోన్లో మాట్లాడుకుంటూ గట్టు మీద నడిచింది. నలభై ఏళ్ల కిందట సెల్ ఫోనేమిటి? రీటేక్ అన్నారు. ఆ రోజు తూము మూయలేదు.

మర్నాడు పక్క పొలం చంద్రమోహన్ కొత్త ట్రాక్టర్ ఫ్రేములోకి వచ్చింది. ఆ తర్వాత చివరి ఆయకట్టు రైతులు కూర్చుని, కెమెరాకు అడ్డుపడేందుకు వంతులు వేసుకున్నారు. సోమవారం ఎవరిది, మంగళవారం ఎవరిది అని. ఎవరూ ఎవరి వంతూ తినలేదు.

వంతు ప్రకారం మాకు నీళ్లందడం ఇదే మొదటిసారి.